66 సెంటీమీటర్లలో ఆగిన మనిషి

2020లో బహ్రెయిన్‌లో జరిగిన ఎఫ్1, అంటే ఫార్ములా వన్ కార్ల రేసులో డ్రైవరు గ్రోజాన్ కారు రెయిలింగ్‌ని చీల్చుకుని రెండు ముక్కలైంది, పెద్ద మంట లేచింది, ఆ మంటల్లోంచి ఆయన తనంతట తానే ఎక్కి బయటికొచ్చాడు, చేతులు కాలాయి అంతే. 1994లో ఇంకో ఎఫ్1 డ్రైవరు సెన్నా ప్రమాదంలో కారు మంటల్లో కాలిపోలేదు, రెండు ముక్కలూ కాలేదు, అయినా మనిషి దక్కలేదు. ఇదెలా సాధ్యం అని ఒక పాఠకుడు అడిగాడు.

నాకు బాగా ఇష్టమైన టాపిక్ కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను. ఎఫ్1 అంటే ఏంటి, పాయింట్లు ఎలా ఇస్తారు లాంటివి మాత్రం వదిలేస్తున్నా, అవి ఎక్కడైనా దొరుకుతాయి. యాక్సిడెంట్ చూడ్డానికి ఎంత ఘోరంగా ఉందన్నదానికీ లోపలున్న మనిషి ఒంటికి ఎంత దెబ్బ తగిలిందన్నదానికీ పెద్ద సంబంధం ఉండదు, చాలాసార్లు ఉల్టాగా కూడా ఉంటుంది. పల్టీలు కొడుతూ చక్రాలు ఊడిపోతూ అంత దూరం దొర్లిన కారులోంచి డ్రైవరు చొక్కా దులుపుకుని లేచొస్తాడు, గోడకి ఒక్కసారి ధబ్బున తగిలి అక్కడికక్కడే ఆగిపోయిన కారులో పోతాడు.

తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లో వీ స్క్వేర్ మైనస్ యూ స్క్వేర్ ఈక్వల్స్ టూ ఏఎస్ అని ఒకటి ఉంటుంది గుర్తుందా? మన బళ్ళలో దాన్ని స్టేషన్లో ఆగే రైలు లెక్కగా చేయించి మార్కులేసి వదిలేస్తారు. ఆ చివర్న ఉన్న ఎస్ ఉంది చూశారూ, ఎంత దూరంలో ఆగామన్నది, దాని మీద ఎంతమంది ప్రాణాలు నిలబడ్డాయో ఏ సారూ చెప్పడు. ఇల్లు కట్టేచోట కింద ఒకడు ఇటుక పైకి విసురుతుంటే పైన ఇంకొకడు పట్టుకుంటాడు కదా, వాడు చేతులు బిగబట్టి ఉంచడు, ఇటుక తగలగానే దాంతోపాటే చేతుల్ని ఓ జానెడు వెనక్కి పోనిస్తాడు. ఆ జానెడే ఎస్. అది బెత్తెడైతే అరచెయ్యి వాచిపోతుంది. స్పీడు అంతే ఉన్నప్పుడు ఎస్ రెట్టింపు చేస్తే దెబ్బ సగానికి సగం, ఎస్ పదో వంతుకి తగ్గిస్తే దెబ్బ పదింతలు. స్పీడు రెట్టింపైతే మాత్రం దెబ్బ నాలుగింతలు, ఎందుకంటే అక్కడ స్క్వేర్ కూర్చుని ఉంది.

ఇప్పుడు డేవిడ్ పర్లీ అనే బ్రిటిష్ డ్రైవరు సంగతి. 1977లో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి ప్రాక్టీసులో ఆయన కారు థ్రాటిల్ ఇరుక్కుపోయింది, కాలు తీసినా ఇంజను తగ్గదు, నేరుగా వెళ్ళి గుద్దుకుంది. గంటకి 173 కి.మీ. నుంచి సున్నాకి, 66 సెంటీమీటర్లలో. లెక్క వేద్దాం రండి. 173ని 3.6తో భాగిస్తే సెకనుకి 48 మీటర్లు. 48 స్క్వేర్ 2304. దాన్ని రెండు 0.66లు, అంటే 1.32తో భాగిస్తే 1745. భూమి గురుత్వం 9.8తో మళ్ళీ భాగిస్తే 178. అంటే సగటున 178 జీ, ఒక జీ అంటే మన మామూలు బరువంత. రికార్డుల్లో 179.8 జీ అని రాస్తారు, అప్పటి కార్లలో సెన్సర్లెక్కడివి, అది కూడా ఇలా కొలతల్లోంచి తీసిన అంకే. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 12 టన్నుల పైన తూగాడన్నమాట. ఎంతసేపు? సెకనులో 36వ వంతు. కాళ్ళు, కటి ఎముక, పక్కటెముకలు అన్నీ విరిగాయి, బతికాడు, కొన్నాళ్ళకి మళ్ళీ రేసు కారెక్కాడు కూడా!

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, జీ ఎంతన్నది ఒక్కటే చాలదు, అది ఎంతసేపు ఉందన్నదీ చూడాలి. 1954లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ డాక్టరు జాన్ స్టాప్ రాకెట్ బండి మీద తనని తాను కట్టుకుని గంటకి వెయ్యి కి.మీ. దాటి వెళ్ళి ఆగాడు, ఆయనకి తగిలింది 46 జీ మాత్రమే, పర్లీ దాంట్లో నాలుగో వంతు, కానీ ఆగడానికి సెకను పైనే పట్టింది కాబట్టి రక్తమంతా ముందుకి తోసుకొచ్చి కళ్ళలో సన్నటి రక్తనాళాలు చిట్లి కాసేపు చూపు పోయింది. పర్లీకి రక్తం కదిలేంత టైమే లేదు, ఎముకలు విరగడానికి మాత్రం ఆ టైము చాలు.

ఈ పర్లీ మామూలు మనిషి కాదు. 1973లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో రోజర్ విలియమ్సన్ అనే డ్రైవరు కారు తిరగబడి అంటుకుంటే రేసు మధ్యలో తన కారు ఆపేసి ట్రాకు దాటి పరిగెత్తి, మండుతున్న కారుని ఒక్కడే ఎత్తి తిప్పడానికి చూశాడు. అక్కడున్న మార్షల్స్‌కి, అంటే ట్రాకు పక్కన సాయానికి నిలబడేవాళ్ళకి, మంటల్లోకి వెళ్ళే బట్టలే లేవు. మిగతా డ్రైవర్లు ఏమనుకున్నారంటే ఆ కాలే కారు పర్లీదే, ఆయన బయటపడ్డాడు కదా అని, అలాగే రేసు నడిపేశారు. విలియమ్సన్‌కి గుద్దుడు వల్ల పెద్ద దెబ్బే తగల్లేదు, ఊపిరాడక పోయాడు. ఎస్ సరిపోయింది, మంట చంపింది. పర్లీకి బ్రిటన్ జార్జ్ మెడల్ ఇచ్చింది. 1985లో ఆయన పోయింది కూడా రేసు కారులో కాదు, విమానంతో గాల్లో విన్యాసాలు చేస్తూ.

ఈ మంట భయం వల్లే 1950ల్లో ఎవరూ సీటు బెల్టు పెట్టుకునేవాళ్ళు కాదు, కారులో ఇరుక్కుని కాలిపోవడం కన్నా బయటికి ఎగిరిపడితే నయం అని వాళ్ళ లెక్క. పూర్తిగా పిచ్చి లెక్కేం కాదు, పెట్రోలు ట్యాంకులు అలా ఉండేవి మరి. ఫాంజియో అనే చాంపియన్ 1952లో రాత్రంతా పారిస్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చి, ఇటలీలోని మోంజాలో రేసుకి అరగంట ముందు దిగి, నిద్ర లేకుండానే రేసెక్కి, రెండో ల్యాపులో బయటికి ఎగిరిపడ్డాడు. మెడ విరిగింది. ఆ సీజనంతా పోయింది గానీ ఆ మెడతోనే 1954 నుంచి 1957 దాకా వరసగా నాలుగు టైటిళ్ళు కొట్టి, 84 ఏళ్ళు బతికి పోయాడు. అందరికీ అంత అదృష్టం ఎక్కడిది? ఎగిరిపడ్డ మనిషికి కారు ముక్కు చేసిపెట్టే సాయం ఉండదు, ఎస్ అంటే ఇక ఒంట్లో ఉన్న మెత్తదనమే, చెట్టుకి తగిలితే రెండు మూడు వేళ్ళ మందం. 1961లో మోంజాలో ఫాన్ ట్రిప్స్ అనే డ్రైవరు అలాగే ఎగిరిపడి పోయాడు, ఆ కారు జనంలోకి దూసుకెళ్ళి 15 మంది ప్రేక్షకులు కూడా పోయారు.

ఈ కాలం గురించి మాట్లాడితే అస్కారీ అనే తండ్రీకొడుకుల జాతకం ఎవరో ఒకరు ఎత్తుతారు, ఇద్దరూ రేసు డ్రైవర్లే. తండ్రి అంటోనియో 1925 జులై 26న పోయాడు, కొడుకు ఆల్బెర్టో 1955 మే 26న పోయాడు, ఇద్దరికీ 36 ఏళ్ళే, పైగా ఆల్బెర్టోకి నల్లపిల్లి అంటే హడల్, ఎప్పుడూ తన నీలం హెల్మెట్టే పెట్టుకునేవాడు, ఆ రోజు అరువు హెల్మెట్ పెట్టుకున్నాడు. వినడానికి ఒళ్ళు జలదరిస్తుంది సరే, కానీ కలవని వాటిని ఎవరు లెక్కపెట్టారు? నెలలు వేరు, దేశాలు వేరు, తండ్రిది రేసు, కొడుకుది వేరేవాళ్ళ కారుని ఊరికే అలా నాలుగు రౌండ్లు తిప్పి చూస్తుండగా జరిగింది. ఆ రోజుల్లో టాప్ డ్రైవర్లు ముప్ఫైల్లో పోవడమన్నది మామూలు సంగతి, అందులో ఏదో ఒక జంటకి ఏదో ఒకటి కలుస్తుంది. మన దగ్గర లారీకి నిమ్మకాయలు మిరపకాయలు కట్టి, బండి నంబరు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీఏ వేలంలో లక్షలు పోసి, వెనక సీట్లో బెల్టు పెట్టుకోమంటే మాత్రం ఎగాదిగా చూస్తారు, అదీ ఇదీ ఒకటే.

సరే, బెల్టులు వచ్చాయి. కానీ బెల్టు పెట్టుకోవడంలో కూడా ఎస్ ఉంది. యోఖెన్ రింట్ మంట భయంతోనే కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీలు పెట్టుకునేవాడు కాదు, త్వరగా బయటికి దూకాలని. 1970 సెప్టెంబరులో మోంజాలో ప్రాక్టీసులో కారు రెయిలింగ్‌కి తగిలినప్పుడు ఒళ్ళు బెల్టు కింద నుంచి ముందుకి జారిపోయింది, ఆ బెల్టే గొంతుకి తగిలింది. 28 ఏళ్ళు. అప్పటికే ఆయన కొట్టిన పాయింట్లని ఎవరూ దాటలేకపోయారు, చనిపోయాక చాంపియన్ అయిన ఒకే ఒక్క ఎఫ్1 డ్రైవరు. 1972 నుంచి పూర్తి పట్టీలు తప్పనిసరి చేశారు. 1981లో మెక్‌లారెన్ టీము డ్రైవరు కూర్చునే తొట్టిని కార్బన్ ఫైబర్‌తో చేసి తెచ్చింది, అల్యూమినియం రేకు తొట్టి డ్రైవరు మీదికే ముడుచుకుపోయేది, ఇది ముడుచుకోదు, ముక్కు మాత్రం పొడిపొడి అవుతుంది. ఇటుక పట్టుకునేవాడు చేతులు వెనక్కి లాగే పని ఇక కారు ముక్కుది.

ఇక్కడే అసలు తిరకాసు మొదలైంది. ఒంటిని బెల్టులు ఎంత గట్టిగా పట్టి ఉంచితే తల అంత ఒంటరిదైపోతుంది. మొండెం కారుతో పాటే ఆగుతుంది, తలని ఆపడానికి మెడ తప్ప ఇంకేమీ లేదు. తల నాలుగున్నర కిలోలు, హెల్మెట్ కిలోన్నర, మొత్తం 6 కిలోలు అనుకోండి. 70 జీ దగ్గర అది 420 కిలోల బరువుతో మెడని లాగుతుంది, న్యూటన్లలో చెప్పాలంటే 4,100 పైన. అమెరికా కార్ల క్రాష్ టెస్టులో మగ డమ్మీ, అంటే మనిషి సైజు బొమ్మ, మెడని ఇంతకన్నా లాగకూడదని పెట్టిన హద్దు 4,170. అది దాటితే మెడ ఎముకల కన్నా ముందు చాలాసార్లు పుర్రె అడుగు భాగం, వెన్నుపాము కిందికి దిగే పెద్ద రంధ్రం చుట్టూ, ఉంగరంలా పగిలి విడిపోతుంది. పక్కనే మెదడుకి వెళ్ళే రక్తనాళాలు, ఊపిరిని నడిపే మెదడు కాండం. చాలామందికి ఆస్పత్రి దాకా టైము ఉండదు.

సెన్నా పోయింది 1994 మే 1న, దానికి ముందు రోజు అదే ఇమోలాలో రోలండ్ రాట్జెన్‌బెర్గర్ ఇలాగే పుర్రె అడుగు పగిలి పోయాడు. 33 ఏళ్ళకి ఎఫ్1లో సీటు దొరికింది పాపం, ఒక్క రేసే మొదలుపెట్టగలిగాడు. ముందు రెక్క విరిగి 300 దాటిన స్పీడులో గోడకి కొట్టింది. సెన్నాది వేరే కథ, ఊడొచ్చిన చక్రంతో పాటు సస్పెన్షన్ కడ్డీ హెల్మెట్‌లోకి దిగింది, అది ఎస్ తప్పు కాదు, ఆ పాఠకుడి ప్రశ్నకి సగం జవాబు అదే. లోకమంతా సెన్నా అంత్యక్రియలకి వెళ్తే ఎఫ్1కి రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్ఐఏ ప్రెసిడెంట్ మోస్లీ మాత్రం సాల్జ్‌బర్గ్‌లో రాట్జెన్‌బెర్గర్ అంత్యక్రియలకి వెళ్ళాడు, ఆ ఒక్క పని వల్ల నాకు ఆయన మీద గౌరవం.

విచిత్రం ఏంటంటే మందు అప్పటికే ఉంది. 1981లో అమెరికాలో పాట్రిక్ జాక్‌మార్ అనే డ్రైవరు టెస్టింగ్‌లో ఇదే దెబ్బతో పోతే, ఆయన స్నేహితుడు జిమ్ డౌనింగ్ వెళ్ళి తన బావ వరసైన రాబర్ట్ హబ్బర్డ్‌ని ఏదైనా చెయ్యమన్నాడు. హబ్బర్డ్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసరు, అంతకుముందు జనరల్ మోటార్స్‌లో క్రాష్ డమ్మీల తలలూ మెడలూ చూసినవాడు. ఆయన చేసింది భుజాల మీద కూర్చునే ఒక కాలరు, పైనుంచి బెల్టులు దాన్ని నొక్కి పట్టుకుంటాయి, కాలరు నుంచి హెల్మెట్‌కి రెండు పట్టీలు. అంతే! తల ముందుకి పోబోతే పట్టీ లాగుతుంది, ఆ లాగుడు మెడ మీద కాకుండా కాలరు, భుజాలు, బెల్టుల మీదికి వెళ్ళిపోతుంది. తలకీ ఒంటికీ ఒకటే ఎస్. దీని పేరే హాన్స్.

డ్రైవర్లు మాత్రం ససేమిరా అన్నారు, మెడ తిరగదు, ఇరుకు, ఉక్క. అమెరికా కార్ల రేసు నాస్కార్‌లో ఏడుసార్ల చాంపియన్ డేల్ ఎర్న్‌హార్ట్ దీన్ని వేళాకోళం చేసినవాళ్ళలో ఒకడు. 2001 ఫిబ్రవరి 18, డేటోనా, ఆఖరి ల్యాపు, ఆఖరి మలుపు. కారు గోడకి ఏటవాలుగా తగిలింది, టీవీలో చూసినవాళ్ళకి అది యాక్సిడెంటులానే అనిపించలేదు. 250 దాటిన స్పీడు అలాగే ఉంది కానీ తగిలిన క్షణంలో మారిన వేగం గంటకి దాదాపు 70 కి.మీ. మాత్రమే, మన హైవే మీద ఏ ఆల్టో అయినా వెళ్ళే స్పీడు. పుర్రె అడుగు పగిలింది. ఆ ఏడాది అక్టోబరుకల్లా నాస్కార్ మెడ పట్టీలు తప్పనిసరి చేసింది, ఎఫ్1 2003లో చేసింది. ఆ పైన నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు గోడకే ఎస్ తగిలించారు, కాంక్రీటు ముందు ఉక్కు గొట్టాలు, వాటి వెనక ఫోమ్ దిమ్మలు, 2002లో ఇండియానాపోలిస్‌లో మొదలైంది.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు కార్లు గోడల్ని రాసుకుంటూ పోతుంటే జనం కేకలు వేశారు గానీ, ప్రతి డ్రైవరు భుజాల మీదా ఉన్న ఆ కాలరుని ఎంతమంది గమనించారో.

గ్రోజాన్‌కి 67 జీ తగిలింది. తల పైన హేలో అనే లోహపు చట్రం, మెడకి హాన్స్, వెనక భాగం విడిపోతూ కొంత శక్తిని మింగేసింది. అలాగని అన్నీ తీరిపోలేదు. 2014లో జపాన్‌లోని సుజుకాలో జూల్ బియాంకీ అనే డ్రైవరు కారు వానలో జారి క్రేను కిందికి దూరింది, తొమ్మిది నెలలు కోమాలో ఉండి పోయాడు. అది మెడ దెబ్బ కాదు, పుర్రె ఆగిపోయాక లోపల మెదడు ఆగకుండా కదిలి మెలితిరిగి, నాడీ తీగలు చాలాచోట్ల తెగిపోవడం. పుర్రెకీ మెదడుకీ మధ్య ఉన్న సందు మిల్లీమీటర్లలో ఉంటుంది, అక్కడికి ఏ పట్టీ వెళ్ళదు, ఏ ఫోమూ పట్టదు. ఇప్పుడు డ్రైవర్ల చెవిలో రేడియో ఇయర్‌పీస్‌లోనే చిన్న యాక్సిలరోమీటర్ పెడుతున్నారు, హెల్మెట్ ఎంత కదిలిందని కాకుండా తల నిజంగా ఎంత కదిలిందో కొలవడానికి, ప్రస్తుతానికి ఆ ఆఖరి ఎస్ దగ్గర చెయ్యగలిగింది ఆ కొలతే.