జబ్బు పోయాక మిగిలే గాబరా గురించి, పిల్లలకు

పిల్లలూ,

కరోనా పోయి ఇన్నేళ్ళయినా ఎదురింటి పెద్దమ్మ ఎవరైనా దగ్గితే చాలు లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది, ఎందుకు మామ్మా అని అడిగారు కదా. ఫోన్లో చెప్తే సగం విని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నాను. శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్ళలో సిస్టరుగా పనిచేసి రిటైరయినదాన్ని, ఈ గాబరాని చాలా ఇళ్ళలో చూశాను.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కానీ జబ్బు వచ్చిన మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతా ఆందోళన, డిప్రెషన్ సుమారు 25 శాతం పెరిగాయని లెక్క చెప్పింది కూడా వాళ్ళే. అంతకుముందు 2003లో హాంకాంగ్‌లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి తగ్గినవాళ్ళని రెండున్నరేళ్ళ తర్వాత చూస్తే, దాదాపు నాలుగోవంతు మందిని ఆ భయం ఇంకా వదల్లేదట. ఊపిరితిత్తులు బాగుపడ్డాక కూడా!

అపాయం ఉందనుకుంటే ఒళ్ళు తయారైపోతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, నిద్ర పలచబడుతుంది, చిన్న చప్పుడుకే ఉలికిపడతాం. ఇది జబ్బు కాదు, ప్రాణం కాపాడుకునే ఏర్పాటు. అయితే నెలల తరబడి అలాగే ఉంటే, అపాయం పోయినా ఒళ్ళు ఆ అలవాటు మానుకోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక ఉద్దానంలో కాస్త గట్టిగా గాలి వీస్తే చాలు, జనం లేచి కూర్చునేవారు.

నన్నడిగితే మనవైపు ఎక్కువ దెబ్బ తిన్నది పరామర్శ. మన ఊళ్ళలో ఎవరైనా పోతే పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇల్లు ఖాళీగా ఉండదు. వచ్చిన ప్రతి మనిషీ ఎలా జరిగింది అని అడుగుతారు, ఇంటావిడ మొదట్నుంచీ మళ్ళీ చెప్పుకుని ఏడుస్తుంది, అన్నం ఎవరో వండి తెస్తారు. చిన్నప్పుడు నాకిది చాదస్తంగానే అనిపించేది. కానీ చెప్పగా చెప్పగా ఆ మాట నోటికి అలవాటై బరువు కొంచెం దిగుతుంది. 2020లో, 2021లో అది లేదు. చాలామంది ఆఖరి చూపు కూడా చూడలేదు, పలకరించడానికి గుమ్మం దాకా వచ్చినవాళ్ళు లేరు, నలుగురితో కర్మ కానిచ్చేశారు. ఆ దుఃఖం అలాగే లోపల ఉండిపోయింది. గుజరాత్‌లోని వేరావల్‌లో చేపలవేటకెళ్ళి లాక్‌డౌన్లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు వేలమంది, వారాలపాటు ఇరుకు పడవల్లోనే గడిపి బస్సుల్లో తిరిగొచ్చారు. చెన్నై, హైదరాబాదు నుంచి వచ్చిన కూలీలని క్వారంటైన్ అని బడుల్లో పెట్టాం. పెట్టడం అవసరమే, కాదనను, కానీ సొంత ఊరే దూరంగా నిలబడి అనుమానంగా చూసిన ఆ చూపుని వాళ్ళు మర్చిపోలేదు.

మా చిన్నతనంలో ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. తగ్గాక వేపాకు వేసి నీళ్ళు పోసేవారు, ఆ స్నానంతో ఇక భయం లేదని ఇంటికీ వీధికీ తెలిసిపోయేది. కరోనాకి అలాంటి రోజు రాలేదు. ఒక్కొక్కరూ ఒక్కో రోజు మాస్కు తీసేశారు, ఆ పెద్దమ్మ ఇంకా తియ్యలేదు, అంతే.

ఇంకో సంగతి, మన ఊళ్ళలో ఎవరూ నాకు డిప్రెషన్ అని చెప్పరు. గుండెదడ అంటారు, ఒళ్ళు మంటలంటారు, తల దిమ్ముగా ఉందంటారు, ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి సెలైన్ పెట్టించుకుంటారు, ఈసీజీ బాగానే వస్తుంది, మళ్ళీ వారానికి అదే దడ. మీ వయసు వాళ్ళకైతే చిరాకు, బడికి వెళ్ళనని మొండికేయడం, రాత్రంతా ఫోను. అన్నిటికీ కరోనాయే కారణమని నేననను, కొన్ని ఉత్త బద్ధకాలు కూడా ఉంటాయి, మీకు తెలుసు. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేక, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే అది బద్ధకం కాదు.

అప్పుడు అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగినా తప్పులేదు, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే మాత్రం ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా సరే వెంటనే పెద్దవాళ్ళకి చెప్పండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అని, మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ ఏర్పాటు ఉంది, నంబరు 14416, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. మీ కోసమైనా మీరే ఫోన్ చెయ్యొచ్చు.

డాక్టరనగానే వాల్తేరు మెంటల్ ఆసుపత్రికి పంపించేస్తారేమో అని మనవాళ్ళకి పాత భయం. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు చూస్తారు, చాలామంది చీటీ రాయించుకుని అదే పూట ఇంటికొచ్చేస్తారు. డిప్రెషన్ మాత్రలు పని మొదలుపెట్టడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోగా కడుపులో కొంచెం తిప్పొచ్చు. మూడో రోజే గుణం లేదని మానేసేవాళ్ళు, తగ్గింది కదా అని డాక్టరుని అడక్కుండా ఆపేసేవాళ్ళు మన ఇంట్లోనే ఉన్నారు. ఎవరో మీకు తెలుసు, ఈ ముక్క ఆయనకి చదివి వినిపించండి.

ఉంటాను,
మీ మామ్మ