హార్డ్ డిస్కుకూ తరుగు తీస్తారా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కంప్యూటర్లు, సీసీ కెమెరాలు బాగుచేసే మా దుకాణానికి, కొత్త హార్డ్ డిస్కు వేయించుకున్నవారిలో కొందరు మరునాడే తిరిగి వస్తుంటారు. అలా వచ్చిన తిప్పర్తి వైపు రైతు ఒకాయన, కొడుకు సీపీయూ డబ్బాను బండి మీద తెచ్చి బల్ల మీద పెట్టి, "వెయ్యి జీబీ అని పైసలు తీసుకున్నరు, పోరడు చూస్తే తొమ్మిది వందల ముప్పై ఒకటే ఉన్నదట. వడ్లకు తీసినట్టు దీనికి గూడ తరుగు తీస్తరా సారూ?" అని అడిగారు. కొనుగోలు కేంద్రంలో బస్తాకు ఇంత అని తరుగు పోగొట్టుకున్న మనిషికి ఆ అనుమానం రావడం సహజమే. ఆయన డిస్కులో మాత్రం ఒక్క బైటు కూడా తరుగు లేదు. నిజంగా తరుగు ఉన్న డిస్కులూ పెన్‌డ్రైవులూ కూడా మా బల్ల మీదికి వస్తాయి. వాటిని తెచ్చినవారు చాలామందికి ఆ సంగతే తెలియదు.

అపోహ: 1 టీబీ (వెయ్యి జీబీ) డిస్కులో కంపెనీ 69 జీబీ మిగుల్చుకుంటుంది.

వాస్తవం: ఆ రోజు డబ్బా విప్పి, డిస్కు మీది లేబులును ఆయనకే చూపించాను. చాలా డిస్కుల లేబులు మీద ‘ఎల్‌బీఏ’ అనే అక్షరాల పక్కన ఒక పెద్ద సంఖ్య ఉంటుంది. అది డిస్కులో ఎన్ని సెక్టార్లు, అంటే డేటా రాసే చిన్న గదులు, ఉన్నాయో చెబుతుంది. 1 టీబీ డిస్కుల మీద సాధారణంగా కనిపించే సంఖ్య 1,95,35,25,168. ఒక్కో సెక్టారుకు 512 బైట్ల చొప్పున గుణిస్తే లక్ష కోట్ల 20 కోట్ల 48 లక్షల 86 వేల 16 బైట్లు వస్తాయి. టెరా అంటే లక్ష కోట్లు కనుక, పెట్టె మీద రాసిన దానికన్నా 20 కోట్ల బైట్లు ఎక్కువే ఇచ్చారన్నమాట.

మరి 931 ఎలా వచ్చింది? విండోస్ తన జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కించదు. 1024ను మూడుసార్లు గుణిస్తే వచ్చే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లను ఒక జీబీ అంటుంది. ఆ లక్ష కోట్ల 20 కోట్లను ఈ 107.37 కోట్లతో భాగిస్తే 931.5 వస్తుంది, దాన్నే తెర మీద చూపుతుంది. డ్రైవు గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, జీబీ సంఖ్యకు పక్కనే మొత్తం బైట్లు కూడా కనిపిస్తాయి. లెక్క సరిచూసుకోవడానికి చూడవలసింది ఆ బైట్ల సంఖ్యనే. మన పెద్దల కాలంలో కచ్చా సేరు, పక్కా సేరు అని రెండు సేర్లు ఉండేవి. ఏ సేరో చెప్పకుండా ‘సేరు’ అని మాత్రమే అంటే ఎంత తగాదా అవుతుందో, జీబీ విషయంలోనూ అంతే తగాదా అవుతోంది.

అపోహ: 1024 లెక్కే అసలైనది, 1000 లెక్క అమ్ముకోవడానికి కనిపెట్టిన ఎత్తు.

వాస్తవం: ఈ మాట నా తోటి మెకానిక్కులు కూడా చెబుతుంటారు, నేనూ చాలాకాలం నమ్మాను. 1024 లెక్క ర్యామ్‌కు సహజమైనది, ఎందుకంటే ర్యామ్‌లో చిరునామాకు ఒక్కో తీగ పెరిగిన కొద్దీ గదుల సంఖ్య రెట్టింపవుతుంది. అందుకే 8 జీబీ ర్యామ్‌లో నిజంగానే 1024 లెక్కలోని పెద్ద జీబీలు ఎనిమిది ఉంటాయి. తిరిగే పళ్లేల మీద వరుసలుగా రాసే హార్డ్ డిస్కుకు ఆ కట్టుబాటు లేదు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు యంత్రం సామర్థ్యాన్ని కూడా 50 లక్షల అక్షరాలని, మామూలు లెక్కలోనే చెప్పారు.

ఈ గందరగోళం తీర్చడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. లినక్స్ సాధనాలు కొన్ని వాటిని వాడుతున్నాయి. ఆపిల్ 2009 నుంచి మ్యాక్ కంప్యూటర్లలో 1000 లెక్కకే మారిపోయింది. విండోస్ మాత్రం గిబిబైట్లను లెక్కించి, పక్కన జీబీ అని రాస్తూనే ఉంది. నా అభిప్రాయంలో నేరం ఎవరిదైనా ఉంటే, అది ఈ పేరుదే. అమెరికాలో ఈ తేడా మీద కొనుగోలుదారులు డిస్కు కంపెనీల మీద కేసులు వేయగా, 2006, 2007 సంవత్సరాల్లో వెస్టర్న్ డిజిటల్, సీగేట్ సంస్థలు రాజీకి వచ్చాయి. నేడు పెట్టెల మీద ‘1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు’ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అన్నట్టు, పాత ఫ్లాపీ మీద రాసే 1.44 ఎంబీ ఈ రెండు లెక్కల్లో దేనికీ చెందదు. అది 1440ని 1024తో గుణించిన సంకరం.

అపోహ: తేడా ఎప్పుడైనా ఏడు శాతమే.

వాస్తవం: జీబీల దగ్గర తెర మీది సంఖ్య సుమారు 7 శాతం తగ్గుతుంది, టీబీల దగ్గర సుమారు 9 శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఒక్కో మెట్టుకు 1024తో ఇంకోసారి భాగించాలి. 500 జీబీ డిస్కు 465గా, 2 టీబీ డిస్కు 1.81 టీబీగా, 4 టీబీ డిస్కు 3.63 టీబీగా కనిపిస్తే డిస్కు సరైనదే. అంతకన్నా బాగా తక్కువ కనిపిస్తే కారణం వేరే ఉందని అర్థం, అప్పుడు ‘1024 లెక్క’ అని చెప్పి పంపించేయడం మా వృత్తికే తప్పు.

అపోహ: ఫార్మాట్ చేస్తే మిగిలినది తినేస్తుంది, ‘లో లెవల్ ఫార్మాట్’ చేయిస్తే తిరిగి వస్తుంది.

వాస్తవం: ఫైళ్ల పట్టిక కోసం ఫార్మాట్ తీసుకునే చోటు 1 టీబీ డిస్కు మీద లెక్కలోకి రానంత చిన్నది. పోనిది తిరిగి రావడం అసాధ్యం కనుక, ఆ పనికి డబ్బు పెట్టినవారు డబ్బుతోపాటు డేటా కూడా పోగొట్టుకుంటారు.

అపోహ: బ్యాడ్ సెక్టార్లు పడితే డిస్కు సైజు తగ్గుతుంది.

వాస్తవం: లెక్కలో చూపని అదనపు సెక్టార్లు ప్రతి డిస్కులోనూ ఉంటాయి, చెడినవాటి స్థానంలో డిస్కు వాటిని వాడుకుంటుంది. సైజు మారలేదు కదా అని ధైర్యపడకుండా డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే ‘స్మార్ట్’ రిపోర్టు తీసి చూడాలి.

అపోహ: సీసీ కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ పెట్టెలో 4 టీబీ డిస్కు వేస్తే 4096 జీబీ లెక్కన రికార్డింగు ఉంటుంది.

వాస్తవం: ఇది నేనే చేసిన తప్పు. మిర్యాలగూడలోని ఒక రైసు మిల్లుకు ఎనిమిది కెమెరాలు బిగించి, 4 టీబీ డిస్కు వేసి, 25 రోజుల రికార్డింగు ఉంటుందని మాట ఇచ్చాను. ఒక మోటారు పోయిందని 24 రోజుల కిందటి రికార్డింగు కోసం వారు వెతికితే, దాని మీద కొత్తది ఎక్కేసింది. యజమాని నన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగినప్పుడు గానీ నా లెక్కలోని పొరపాటు నాకు తెలియలేదు.

ఒక్కో కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్లు పెట్టాను. మెగాబిట్టు అంటే పది లక్షల బిట్లే, అక్కడ 1024 లేదు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, కెమెరాకు సెకనుకు రెండున్నర లక్షల బైట్లు, రోజుకు 2,160 కోట్ల బైట్లు, ఎనిమిదింటికి 17,280 కోట్లు. డిస్కులోని నాలుగు లక్షల కోట్లను దానితో భాగిస్తే 23 రోజులు వస్తాయి. నేను మాత్రం రోజు ఖర్చును పెద్ద జీబీల్లోకి మార్చి 161గా తీసుకున్నాను, డిస్కునేమో 4096గా తీసుకున్నాను. అందుకే పాతిక రోజులు దాటి కనిపించింది. ఏ లెక్కనైనా చివరిదాకా ఒక్కదాన్నే వాడితే సరైన జవాబు వస్తుంది, రెండింటినీ కలిపితేనే చెడుతుంది. ఇప్పుడు నేను అంతా బైట్లలోనే, కోట్లలోనే వేసుకుంటున్నాను. మన లక్షలు, కోట్లు ఈ పనికి చాలా అనువైనవి.

అపోహ: 4 టీబీ డిస్కు 2 టీబీగా కనిపించడం కూడా ఆ లెక్క తేడానే.

వాస్తవం: కాదు. డిస్కును పాత ‘ఎంబీఆర్’ పద్ధతిలో విభజించారని అర్థం. ఆ పద్ధతిలో సెక్టారు సంఖ్యకు 32 బిట్ల చోటే ఉంటుంది కనుక, 512 బైట్ల సెక్టార్లతో విండోస్ లెక్కలో 2048 జీబీ దాటి చేరుకోలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే మిగతా 1678 జీబీ ‘అనలొకేటెడ్’ అని నల్లని గీత కింద పడి ఉంటుంది, దాని మీద కొత్త పార్టిషన్ చేయనివ్వదు. డేటాను వేరేచోట భద్రం చేసి, డిస్కును ఖాళీ చేసి, కొత్త విభజన పద్ధతి ‘జీపీటీ’కి మారిస్తే మొత్తం దొరుకుతుంది.

అపోహ: పెట్టె మీద రాసినంతా చూపిస్తే అసలైన సరుకే.

వాస్తవం: దేవరకొండ నుంచి వచ్చిన ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు ఆన్‌లైన్‌లో చాలా చవకగా కొన్న 2 టీబీ పెన్‌డ్రైవు తెచ్చారు. తెర మీద సైజు నిండుగా కనిపించింది, మూడు పెళ్లిళ్ల ఫైళ్ల పేర్లూ ఉన్నాయి. మొదటి పెళ్లి వీడియోలు ఆడాయి. రెండో పెళ్లిలో సగం నుంచి ఒక్కటీ తెరుచుకోలేదు. అందులో ఉన్నది చిన్న చిప్పే, అది కంప్యూటరుకు తన సైజును 2 టీబీ అని చెప్పేలా లోపలి ప్రోగ్రామును మార్చారు. అసలు చోటు నిండిన తరువాత రాసిన డేటా ఎక్కడా నిలవదు, లేదా పాతదాని మీదే పడుతుంది. ఫైళ్ల పేర్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది కనుక పేర్లు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

దీన్ని కళ్లతో గానీ సైజు చూసి గానీ పట్టుకోలేము. విండోస్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’, లినక్స్‌లో ‘ఎఫ్3’ అనే ఉచిత ప్రోగ్రాములు డ్రైవు మొత్తం నిండేదాకా రాసి, తిరిగి చదివి, ఎంత నిలిచిందో చెబుతాయి. ఖాళీ డ్రైవు మీదే, డబ్బు వెనక్కి ఇచ్చే గడువులోపలే ఈ పరీక్ష చేయించుకోవాలి. పెద్ద డ్రైవుకు ఒక రాత్రంతా పట్టవచ్చు. ఆ ఫోటోగ్రాఫరు పెన్‌డ్రైవును మా దుకాణంలో అలా వదిలి మరునాడు ఉదయం చూస్తే, నిలిచినది 29 జీబీ అని తేలింది. మెమరీ కార్డులను ఆయన ఇంకా చెరపలేదు కాబట్టి మూడో పెళ్లి దక్కింది, రెండో పెళ్లిలో తలంబ్రాల దాకా దక్కింది.