విదేశీ థీమ్ పార్కుకు కుటుంబంతో వెళ్లేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో చాలా ఏళ్లుగా కుటుంబాలకు విదేశీ ప్రయాణాలు కుదిర్చే పని చేస్తున్నాను. మా ఆఫీసు గోడకు ఒక కొలత పట్టీ అంటించి ఉంటుంది. దాని మీద 102, 107, 122, 125 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీతలు గీశాను, అవి పార్కులో రైడ్‌లు ఎక్కడానికి ఉండవలసిన ఎత్తులు. బడ్జెట్ ఎంతవుతుందని తల్లిదండ్రులు అడిగినప్పుడు, లెక్క మొదలుపెట్టే ముందు పిల్లల చెప్పులు విప్పించి ఆ పట్టీ దగ్గర నిలబెడతాను. మన ఇంట్లోవాళ్లు వాడుకోని వాటికి ముందే డబ్బు కట్టేయడమే ఈ ప్రయాణాల్లో ఖర్చు పెరగడానికి మొదటి కారణమని ఇన్నేళ్లలో నేను గ్రహించాను.

అపోహ: థీమ్ పార్కు అంటే అమెరికాకో పారిస్‌కో వెళ్లాలి, అది మధ్యతరగతికి అందదు.

వాస్తవం: అమెరికా బయట మొదటి డిస్నీ పార్కు 1983లో టోక్యో పక్కనే తెరుచుకుంది. హాంకాంగ్‌లో 2005లో, షాంఘైలో 2016లో వచ్చాయి. సింగపూర్ సెంటోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ ఉంది. చెన్నై నుంచి సింగపూర్‌కు విమానంలో నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. మనం పుత్తూరు, నగరి మీదుగా చెన్నై విమానాశ్రయం చేరడానికే దాదాపు అంత సమయం పడుతుంది.

వీసా ఖర్చులోనూ తేడా పెద్దది. పారిస్ వెళ్లాలంటే షెంజెన్ వీసాకు (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) పెద్దవారికి 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండేళ్ల లోపున్న పిల్లలకు 45 యూరోలు చెల్లించాలి. దానికి తోడు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా తప్పనిసరి. సింగపూర్ వీసా రుసుము 30 సింగపూర్ డాలర్లు. హాంకాంగ్‌లో 14 రోజుల వరకు ఉండటానికి మనకు వీసా అక్కర్లేదు, అయితే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందస్తు నమోదు తప్పక చేసుకోవాలి. ఈ నమోదుకు రుసుము లేదు. సింగపూర్‌కు బయలుదేరే ముందు నింపే అరైవల్ కార్డుకు కూడా లేదు. ఈ రెండింటికీ డబ్బు అడిగే వెబ్‌సైట్ కనబడితే అది ప్రభుత్వానిది కాదని గుర్తించండి. హాంకాంగ్ నమోదులో తిరస్కరణ వస్తే వీసాకు దరఖాస్తు చేయవలసి ఉంటుంది కాబట్టి, నమోదు పూర్తయ్యాకే విమాన టిక్కెట్లు కొనాలి.

అపోహ: చిన్నపిల్లలకు సగం టిక్కెట్టే కదా, పెద్దగా ఖర్చేముంటుంది.

వాస్తవం: ఎక్కువ కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. పిల్లల విషయంలో విమానానిది ఒక లెక్క, పార్కు గేటుది ఇంకో లెక్క, రైడ్‌ది మూడో లెక్క.

విమానంలో రెండేళ్లు నిండని బిడ్డకే ఒడిలో కూర్చోబెట్టుకునే తక్కువ ఛార్జీ వర్తిస్తుంది. ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనక తప్పదు. రెండేళ్లు దాటిన పిల్లలకు చవక ఎయిర్‌లైన్‌లలో చాలావరకు పూర్తి ఛార్జీయే పడుతుంది. పార్కు గేటు దగ్గర హాంకాంగ్ డిస్నీలో మూడేళ్ల లోపు పిల్లలకు, సింగపూర్ యూనివర్సల్‌లోనూ టోక్యో డిస్నీలోనూ నాలుగేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. మూడున్నరేళ్ల పాప ఉన్న ఇంటికి సింగపూర్‌లో ఒక టిక్కెట్టు మిగులుతుంది, హాంకాంగ్‌లో మిగలదు. అరవై దాటిన తాతయ్యకు, నానమ్మకు రెండుచోట్లా తక్కువ ధర టిక్కెట్టు ఉంటుంది. అడగకపోతే పెద్దల టిక్కెట్టే చేతికి వస్తుంది.

రైడ్‌కు వయసుతో పని లేదు, ఎత్తే ముఖ్యం. సింగపూర్ యూనివర్సల్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ ఎక్కడానికి 102, జురాసిక్ పార్కు నీటి రైడ్‌కు 107, మమ్మీ రైడ్‌కు 122, బ్యాటిల్‌స్టార్ గలాక్టికాకు 125 సెంటీమీటర్లు ఉండాలి. నిరుడు పలమనేరు నుంచి ఒక తల్లి తన ఇద్దరు ఆడపిల్లలతో మా ఆఫీసుకు వచ్చారు. అంతకు ముందే వేరేచోట ప్యాకేజీ కొని సింగపూర్ చూసి వచ్చారట. క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాసులు నలుగురికీ అంటగట్టి పంపారు. ట్రాన్స్‌ఫార్మర్స్ గేటు దగ్గర ఉద్యోగి కొలకర్ర పక్కన చిన్నపాపను నిలబెట్టినప్పుడు, ఆ పాప మునివేళ్ల మీద లేచి నిలబడిందట. అతను మెల్లగా భుజం తట్టి మడమలు నేలకు ఆనించమన్నాడు, ఎత్తు 98 వచ్చింది. మిగతా పెద్ద రైడ్‌ల దగ్గరా అదే జరిగింది. ఎక్స్‌ప్రెస్ పాస్ క్యూను తగ్గిస్తుందే గాని ఎత్తు నిబంధనను సడలించదు. అమ్మినవారు అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేదు, పాప ఏడ్చింది. ఆమె ఈ సంగతి చెప్పిన మరుసటి రోజే మా గోడకు ఆ పట్టీ అంటించాను.

చిన్నబిడ్డ ఉన్న జంటలకు ఇంకొక మాట. చాలా పార్కుల్లో తల్లిదండ్రులు వంతులవారీగా రైడ్ ఎక్కే సదుపాయం ఉంటుంది: ఒకరు బిడ్డను చూసుకుంటుండగా మరొకరు ఎక్కుతారు, వారు దిగాక రెండోవారు మళ్లీ మొదటినుంచి క్యూ కట్టకుండా వెళతారు. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. గేటు దగ్గరి ఉద్యోగిని అడిగితే చాలు.

అపోహ: సెలవులు ఎప్పుడుంటే అప్పుడే వెళ్లాలి, తేదీల గురించి ఆలోచించి లాభం లేదు.

వాస్తవం: వేంకటేశ్వరుడికి ప్రత్యేకమైన తమిళ మాసం పెరటాసిలో శనివారం తిరుమల కొండ మీద రద్దీకి, మామూలు మంగళవారం రద్దీకి ఉన్న తేడా మన ఊరివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పార్కులకూ అలాంటి పెరటాసి ఉంటుంది, అది అక్కడివారి సెలవులను బట్టి వస్తుంది. మన దసరా సెలవులు తరచుగా అక్టోబరు మొదటి వారంలో పడతాయి. అదే వారం చైనా జాతీయ దినోత్సవ సెలవులు కావడంతో హాంకాంగ్ కిటకిటలాడుతుంది. మన వేసవి సెలవులు మొదలయ్యే ఏప్రిల్ చివర, మే మొదటి రోజుల్లో జపాన్‌లో గోల్డెన్ వీక్ అనే వరుస సెలవులు నడుస్తాయి. సింగపూర్ బడులకు మే నెలాఖరు నుంచి జూన్ అంతా సెలవులు. అందుచేత వేసవిలో సింగపూర్ వెళ్లేవారికి నేను మే రెండో, మూడో వారాల్లో, శని ఆదివారాలు కాని రోజులే సూచిస్తాను.

అపోహ: పార్కు పక్కన హోటల్ తీసుకుంటేనే సమయం, డబ్బు కలిసి వస్తాయి.

వాస్తవం: సింగపూర్‌లో మెట్రో లిటిల్ ఇండియా స్టేషన్ నుంచి రైలు మారకుండా ఐదో స్టేషనైన హార్బర్‌ఫ్రంట్‌కు చేరుస్తుంది. అక్కడి నుంచి సెంటోసాకు చెక్కబాట మీద నడిచి వెళ్లవచ్చు. లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోసె, సాంబారు దొరుకుతాయి కాబట్టి పెద్దవాళ్లు ఉదయం కడుపునిండా తిని బయలుదేరగలరు. కుళాయి నీరు నేరుగా తాగవచ్చు, ఖాళీ సీసా వెంట ఉంటే చాలు.

అపోహ: విదేశీ టూర్ ప్యాకేజీ మీద అమ్మేవారు ముందే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, పోయిన డబ్బే.

వాస్తవం: అది మీ పాన్ మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసినప్పుడు మీ పన్నులో సర్దుబాటు చేస్తారు, ఎక్కువైతే వాపసు ఇస్తారు. అందుకే ఇంట్లో ఏటా రిటర్ను దాఖలు చేసేవారి పాన్ మీదే బుకింగ్ చేయించండి. విమాన టిక్కెట్టు ఒక్కటే విడిగా కొంటే అది టూర్ ప్యాకేజీ కిందికి రాదు.

అపోహ: ఆధార్‌లో పేరు సరిగ్గా ఉంది, పాస్‌పోర్టుకు అదే సరిపోతుంది.

వాస్తవం: తమిళనాడు పక్కన ఉండటం వల్ల చిత్తూరు ప్రాంతంలో ఇంటిపేరు లేకుండా ఇనిషియల్‌తో నడిచే పేర్లు ఎక్కువ. ఆ ఇనిషియల్ విడమరచకుండా పాస్‌పోర్టు తీసుకుంటే ఇంటిపేరు గడి ఖాళీగా మిగిలిపోతుంది, విమాన టిక్కెట్టులో మాత్రం రెండు గడులూ నింపాలి. ఒకే మాట పేరుగా ఉన్న పాస్‌పోర్టులతో పర్యాటకులను అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించి, ఆ తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే అంగీకరిస్తామని సడలించింది. అక్కడి అబుదాబిలోని ఫెరారీ వరల్డ్ థీమ్ పార్కు చూడాలనుకునేవారు ఇది తప్పక సరిచూసుకోవాలి. పిల్లల పాస్‌పోర్టుకు ఐదేళ్లే గడువు. వెళ్లే తేదీ నాటికి ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. అందువల్ల మా దగ్గరకు వచ్చేవారిని మొదటిసారే ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ, పిల్లలనూ వెంట తీసుకురమ్మని చెబుతాను.