గంధం రంగా, లేత నీలమా?

ఒంగోలులో ఉత్తరపు కిటికీ ఉన్న గది ఒకటి అనుకుందాం. గోడలకు ఏ రంగు వేయాలా అని చూస్తూ ఇంట్లోవాళ్లు గంధం రంగు, లేత నీలం దగ్గర ఆగిపోయారు. షేడ్ కార్డులో రెండూ ముచ్చటగానే ఉన్నాయి. అయితే కార్డులో చూసిన రంగు నాలుగు గోడలకూ వేశాక అలాగే ఉండదు.

గోడ తన మీద పడిన వెలుగులో కొంత మింగేసి, మిగతాది ఎదుటి గోడ మీదికి పంపుతుంది. ఆ గోడా అదే పని చేస్తుంది. గంధం రంగు ఎర్రటి వెలుగులో 85 శాతాన్ని, నీలి వెలుగులో 60 శాతాన్ని తిప్పి పంపుతుందనుకోండి. రెండో గోడకూ తగిలి వచ్చేసరికి ఎరుపు 72 శాతం, నీలం 36 శాతమే మిగులుతాయి. ఒక్క గోడ దగ్గర ఒకటిన్నర రెట్లు కూడా లేని తేడా రెండు రెట్లయింది! కార్డులో లేతగా ఉన్నది గదిలో చిక్కబడేది ఇందుకే. నచ్చిన షేడ్ కంటే ఒక మెట్టు లేతది తీసుకోమని నేను గట్టిగా చెబుతాను.

నేల సంగతీ చూడాలి. మన వైపు చాలా ఇళ్లలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరుస్తారు. ఎంత నిగనిగలాడినా అది నల్లరాయి, పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని తనలోనే ఉంచుకుంటుంది. తెల్ల టైల్స్ ఆ వెలుగును గోడలకూ సీలింగుకూ తిరిగి ఇస్తాయి.

ఉత్తరపు గదిలో వెలుగు ఏడాదంతా చల్లగా, నీలంగా ఉంటుందనే మాట ఐరోపాకు సరిపోతుంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. ఒంగోలు సుమారు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా నడిమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా దాటతాడు. రోహిణి కార్తెలో ఉత్తరపు కిటికీకి ఎండ తగులుతుంది, సంక్రాంతికి ఆకాశపు నీలి వెలుగే దిక్కు.

రాత్రిపూట బల్బుదే పెత్తనం. 3000 కెల్విన్ (బల్బు వెలుగు రంగును చెప్పే కొలత) పసుపు బల్బులో నీలి వెలుగు తక్కువ కాబట్టి లేత నీలం గోడ బూడిద రంగుకు తిరుగుతుంది. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద అదే గోడ తేటగా ఉంటుంది.

అందుకే రెండు పెద్ద అట్టలకు ఒక్కో రంగు రెండేసి పూతలు వేసి, బాగా ఆరనివ్వండి. ఎమల్షన్ పెయింట్ తడిగా ఉన్నప్పుడు లేతగా, ఆరాక ముదురుగా కనిపిస్తుంది. అట్టల్ని పక్కపక్కన పెట్టొద్దు, గంధం పక్కన నీలం ఉన్నదానికంటే మరింత నీలంగా తోస్తుంది. ఒక్కోదాన్నే కిటికీ గోడ మీదా, దాని ఎదుటి గోడ మీదా, పగలూ రాత్రీ చూడండి.

నల్ల గ్రానైట్, పసుపు బల్బు ఉన్న గదికైతే నా ఓటు లేత గంధానికే. తెల్ల టైల్స్, తెల్ల బల్బు ఉంటే నీలం హాయిగా వేసుకోవచ్చు.