చెరకు పోయింది, కట్ట మిగిలింది: వహియవా ఆనకట్ట నేపథ్యం

హవాయి రాష్ట్రంలోని ఒవాహు దీవి నడిమధ్యన, వహియవా పట్టణాన్ని ఆనుకొని విల్సన్ సరస్సు ఉంది. చెరకు సాగు కోసం వాయలువా వ్యవసాయ కంపెనీ 1906లో కౌకోనహువా వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయడంతో ఏర్పడిన జలాశయం ఇది. నిండితే సుమారు 250 కోట్ల గ్యాలన్ల నీరు, అంటే ఒక టీఎంసీలో మూడో వంతు నిలుస్తుంది. మన ప్రాజెక్టుల లెక్కలో ఇది చిన్నదే. కానీ కట్ట తెగితే ఆ నీరంతా వాగు వెంట దిగువనున్న వాయలువా, హలేయివా ఊళ్ల మీదికే పోతుంది. అందుకే రాష్ట్ర ప్రభుత్వం దీన్ని అధిక ప్రమాద తరగతిలో చేర్చింది, కట్ట స్థితి కూడా బాగాలేదని నమోదు చేసింది. వాయలువా కంపెనీ తర్వాతి కాలంలో పండ్ల వ్యాపారం చేసే డోల్ సంస్థకు అనుబంధంగా మారడంతో కట్ట బాధ్యత డోల్‌కు వచ్చింది.

ఈ కట్ట 1921లో ఒకసారి కూలింది, తిరిగి కట్టారు. చెరకు నడిచినన్నాళ్లూ నీరు కంపెనీకి ప్రాణాధారం కాబట్టి కాలువల వెంట తిరిగే మనుషులు, తూములు చూసుకునే మనుషులు జీతం మీద ఉండేవారు. వాయలువా చక్కెర మిల్లు 1996లో మూతపడింది. ఇరవై ఏళ్లకు, 2016లో, మౌయి దీవిలోని ఆఖరి మిల్లు కూడా ఆగిపోవడంతో హవాయిలో చక్కెర పరిశ్రమే ముగిసింది. రాష్ట్రంలో ప్రభుత్వ నియంత్రణ కింద ఉన్న దాదాపు 130 ఆనకట్టల్లో అధికభాగం ఆ చెరకు కాలంలో కట్టినవే, చాలావరకు మట్టికట్టలే. వాటిని పోషించిన రాబడి పోయింది, నీటి బరువు మాత్రం అలాగే ఉంది. సమస్యకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ మూలం ఎంత ప్రమాదకరమో కవాయి దీవిలో బయటపడింది. అక్కడి కిలవెయా చెరకు తోట కోసం 1890లో కట్టిన కా లోకో ఆనకట్ట, తోట 1971లో మూతపడ్డాక ప్రైవేటు భూస్వాముల చేతుల్లో ఉండిపోయింది. వారాల తరబడి కురిసిన వానల తర్వాత 2006 మార్చి 14న తెల్లవారకముందే ఆ కట్ట తెగి, దాదాపు 40 కోట్ల గ్యాలన్ల నీరు చెట్లనూ ఇళ్లనూ ఊడ్చుకుంటూ సముద్రం దాకా పోయింది. ఏడుగురు చనిపోయారు. మిగులు నీరు బయటికి పోవలసిన అలుగును ఎప్పుడో మట్టితో పూడ్చేశారన్నది యజమానుల్లో ఒకరైన జేమ్స్ ఫ్లూగర్‌పై ప్రధాన ఆరోపణ. ఆయన 2013లో నిర్లక్ష్యంతో ప్రాణాపాయం కలిగించిన నేరారోపణను కోర్టులో ఎదుర్కోకుండా శిక్షకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఏడు నెలల జైలుశిక్ష పడింది. అయితే తప్పు ఒక్క యజమానిదే కాదు. ఆనకట్టల భద్రతకు 1987 నుంచే చట్టం ఉన్నా, ప్రభుత్వ ఇంజినీర్లు ఆ కట్టను ఒక్కసారీ తనిఖీ చేయలేదు.

మట్టికట్టకు అలుగే ఎందుకంత ముఖ్యమో చెప్పుకోవాలి. కాంక్రీటు ఆనకట్ట మీదుగా నీరు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట మీద పొర్లితే వెనుకవైపు వాలు అడుగునుంచి కోసుకుపోతూ, కొద్ది గంటల్లోనే గండి పడవచ్చు. చేయేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరు 19న కొట్టుకుపోయిన తీరును చూసిన మన పాఠకులకు ఇది వేరే వివరించనక్కర్లేదు. రెండో ప్రమాదం లోపలినుంచి వస్తుంది. కట్ట వెనుక చెమ్మ ఊరడం మామూలే, ఆ ఊట తేటగా ఉన్నంతవరకు భయం తక్కువ. అది బురదగా మారిందంటే కట్టలోని మన్ను నీటితో కొట్టుకొస్తోందని, లోపల బుంగ పడుతోందని అర్థం. పాత తూము గొట్టాల పక్కన, ఎండిన చెట్ల వేళ్ల వెంట ఇలాంటి దారులు ఏర్పడతాయి. తనిఖీకి వెళ్లే ఇంజినీరు కట్ట మీద పెరిగిన చెట్లను ముందుగా చూసేది అందుకే.

కా లోకో తర్వాత, 2007లో, హవాయి కొత్త భద్రతా చట్టం తెచ్చింది. తనిఖీలు, అత్యవసర ప్రణాళికలు, లోపాలు సరిదిద్దే పూచీ అన్నీ అందులో చేరాయి. వహియవా కట్ట లోపాలు కాగితం మీదికి వచ్చింది ఆ తర్వాతే. పెద్ద వరదను దాటించేంత సామర్థ్యం అలుగుకు లేదన్నది వాటిలో ముఖ్యమైనది. 2009 నుంచి డోల్‌కు నోటీసుల మీద నోటీసులు వెళ్లాయి, గడువు దాటినందుకు ఒకసారి 20,000 డాలర్ల జరిమానా కూడా పడింది. కోట్ల డాలర్ల పని ముందున్నప్పుడు అంత చిన్న జరిమానా ఏ సంస్థనూ కదిలించదు.

ఈలోగా వానల తీరు ఊరుకోలేదు. 2018 ఏప్రిల్‌లో కవాయిలోని వాయిపాలో 24 గంటల్లో 49.69 అంగుళాల వాన పడింది. అమెరికాలో అంతకుముందెన్నడూ ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. 2021 మార్చిలో మౌయిలోని కౌపకలువా కట్ట మీదుగా నీరు పొర్లి, దిగువవారిని ఖాళీ చేయించారు. అదీ ప్రైవేటు సాగునీటి కట్టే.

రాష్ట్రం అలుగును బాగుచేసే షరతు మీద వహియవా కట్టనూ కాలువలనూ ప్రభుత్వానికి ఇచ్చేస్తామని డోల్ ప్రతిపాదించింది. 2023లో శాసనసభ అందుకు చట్టం చేసి, కొనుగోలుకు 50 లక్షల డాలర్లు, అలుగు పనులకు 2.1 కోట్ల డాలర్లు కేటాయించింది. లాభం తీసుకున్నది ఒకరు, మరమ్మతు ఖర్చు ప్రజలది అన్న విమర్శలో న్యాయం ఉంది. అయినా కట్టను తెంచి వాగును వదిలేస్తే, చెరకు పోయిన భూముల్లో కూరగాయలు, పండ్లు పండిస్తున్న రైతులకు నీరుండదు. కాబట్టి స్వాధీనం చేసుకోవడమే సరైన దారి, కానీ ఆలస్యం సరికాదు. చట్టం వచ్చి రెండేళ్లు గడిచినా, 2025 నాటికి బదిలీ పూర్తి కాలేదు.

అలుగు విస్తరణ పూర్తయ్యేదాకా, నవంబరులో వానలు మొదలయ్యేలోపే నీటిమట్టాన్ని దించి ఉంచడం ఒక్కటే దిగువవారికి నిజమైన రక్షణ. అలా దించిన ప్రతి అడుగూ రైతుల వేసవి నీటిలోంచి తగ్గేదే. ఆ లోటును డోల్ భరించాలా, రాష్ట్రం భరించాలా అన్నది బదిలీ ఒప్పందంలోనే తేల్చి రాయాలి.