కరువు ఊళ్లలో వాతావరణ పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం వైపు వాతావరణ మార్పు మీద రైతులతో, మహిళా సంఘాలతో కలిసి పనిచేస్తుంటాం. ఊరు చూడటానికి వచ్చే అధికారులు, దాతలు, కొత్తగా చేరే కుర్రాళ్లు దాదాపు ఒకే మాటలు అంటుంటారు. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: రైతులకు వాతావరణ మార్పు తెలియదు, ముందు అవగాహన సదస్సు పెట్టాలి.

వాస్తవం: జూన్‌లో రావాల్సిన పదును ఆగస్టు దాకా రాకపోతే వేరుశనగ ఏమవుతుందో వాళ్లకు ఒకరు చెప్పాలా? వాళ్ల దగ్గర లేనిది లెక్క. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. వాన ఎంత పడిందో, బోర్లలో నీరు ఎంత లోతున ఉందో వాళ్లే కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ చెప్పలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించారు.

అపోహ: ప్రకృతి వ్యవసాయానికి ఖర్చే ఉండదు.

వాస్తవం: ఎరువులు, పురుగుమందుల ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ నేలకు బలమివ్వడానికి పులియబెట్టి పోసే ద్రవజీవామృతం 200 లీటర్లు చేయాలంటే 10 కిలోల పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి కావాలి. ట్రాక్టర్లు వచ్చాక చాలా ఇళ్లలో పశువులే లేవు. ఎక్కడి నుంచో పేడ మోసుకొచ్చేది, రోజూ కలియబెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ కూలి ఏ లెక్కలోకీ రాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. సంతోషమే. పేడ తట్ట బరువు మాత్రం అలాగే ఉంది. సంఘం మహిళ ఒకరు పురుగుల మీద కొట్టే కషాయాలు, పేడతో చేసే పొడి ఎరువు ఘనజీవామృతం తయారుచేసి అమ్మే షాపు పెట్టుకోవడానికి అప్పు ఇప్పిస్తే, ఆమెకు కూలి గిడుతుంది, మిగతావాళ్లకు పని తప్పుతుంది.

అపోహ: ఒక ఆదర్శ రైతుతో చేయించి చూపిస్తే మిగతావాళ్లు వాళ్లే మారతారు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఈ నమ్మకంతోనే. వానకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతినే చూడండి. పప్పులు, చిరుధాన్యాలు, నూనెగింజలు, కూరగాయల గింజలు కలిపి, బంకమట్టి, బూడిద, ఘనజీవామృతంతో పూత పట్టించి, ఎండాకాలంలోనే పొడి దుక్కిలో చల్లి పైన గడ్డీ గాదం కప్పుతారు. చిన్న జల్లుకే మొలకలొచ్చి నేల కాలకుండా కాపాడతాయి.

అయితే పంట కోతలయ్యాక మా ఊళ్లలో పొలాలన్నీ గొర్రెలకు, మేకలకు వదిలేసినవే. చుట్టూ బీడు, మధ్యలో ఒక్క పచ్చని మడి. మంద ఆగుతుందా? ఆ ఒక్క రైతూ ఎండలో ఎన్నాళ్లని కాపలా కాస్తాడు? గొర్రెలవాళ్లదీ తప్పు లేదు. మంద కట్టించుకుని ఎరువు వేయించుకున్నది ఈ రైతులేగా! అందుకే మొదటి మీటింగ్ గొర్రెల కాపరులతోనే పెట్టాలి. ఏ దారి వదలాలి, ఏ బీడు మేతకు ఉంచాలి అని తేలాక, పక్కపక్క పొలాలవాళ్లు ఒకేసారి విత్తితే నిలబడుతుంది. దీనికి నెలలు పడుతుంది. ప్రాజెక్టు బడ్జెట్లో విత్తనాలకు, శిక్షణకు, బ్యానర్లకు కూడా డబ్బుంటుంది. ఈ మాటలు కలిపే మనిషికి మాత్రం జీతం ఉండదు.

అపోహ: సోలార్ పార్కుకు అడ్డం చెప్పేవాళ్లు అభివృద్ధికి వ్యతిరేకులు.

వాస్తవం: మా పక్కనే కర్ణాటకలోని పావగడలో భూమి కొనకుండా కౌలుకు తీసుకున్నారు, ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి. పండని పొలానికి అది తక్కువేం కాదు, పట్టా ఉన్నవాళ్లకు. అదే పొలంలో కలుపు తీసే కూలీకి, జీవాలు మేపే మనిషికి కౌలు రాదు. గ్రామసభలో గొంతు పెంచేది చాలాసార్లు వీళ్లే. అందుకే సర్వే నంబర్లతో పాటు ఆ నేల మీద బతికేవాళ్ల పేర్లూ రాయమని అడుగుతాం. బెంగళూరు వలస వెళ్లినవాళ్లు ఉగాదికి ఇంటికొస్తారు, ఆ నాలుగు రోజుల్లో రాసుకుంటే ఎవరూ తప్పిపోరు.