టీకా వేసుకున్నా నెలల తరబడి ఒంట్లోనే కరోనా: అసలు కథ ఎక్కడ మొదలైంది?

టీకా వేసుకున్నవాళ్లకి కూడా కరోనా నెలల తరబడి తగ్గట్లేదట అని వినగానే చాలామంది టీకా దండగని తేల్చేస్తారు. తమాషా ఏంటంటే ఈ సమస్య టీకా కంటే ముందే పుట్టింది.

2020లో బోస్టన్‌లో 45 ఏళ్ల రోగి ఒకాయన 154 రోజులు వైరస్ వదలక చనిపోయారు. ఆయనకున్న వేరే జబ్బు కోసం రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో రక్త క్యాన్సర్ ఉన్న 71 ఏళ్ల ఆవిడకి కోవిడ్ లక్షణం ఒక్కటీ లేదు, కానీ 70 రోజులప్పుడు తీసిన శాంపిల్‌లో కూడా బతికున్న వైరస్ దొరికింది. బతికున్న అనే మాట ఇక్కడ ముఖ్యం. ఎందుకంటే ఆ ఏప్రిల్‌లోనే దక్షిణ కొరియాలో కోలుకున్నవాళ్లకి మళ్లీ పాజిటివ్ వస్తోందని పెద్ద టెన్షన్ పడ్డారు, తీరా చూస్తే ఆర్‌టీ పీసీఆర్ పట్టుకున్నది చచ్చిన వైరస్ తునకల్ని.

తర్వాత టీకాలు వచ్చాయి. ఇమ్యూనిటీని అణిచే మందులు వాడేవాళ్లని మొదటి పెద్ద ట్రయల్స్‌లో తీసుకోలేదు, కాబట్టి వాళ్లలో ఎంత పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. 2021 మేలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు అవయవ మార్పిడి జరిగిన 658 మందిని చూస్తే, రెండు డోసుల తర్వాత యాంటీబాడీలు కనబడింది 54 శాతం మందిలోనే. టీకా చేసేది బీ కణాలకి శత్రువుని చూపించడం, యాంటీబాడీలు తయారుచేసే పని ఆ కణాలది. రిటుక్సిమాబ్ లాంటి మందు ఆ కణాల్నే తుడిచేశాక ఎన్ని డోసులు వేసినా చూపించడానికి అవతల ఎవరున్నారు? ఆగస్టులో అమెరికా ఇలాంటివాళ్లకి మూడో డోసు అనుమతించింది. రెండు డోసులు పడగానే వేసే ‘ఫుల్లీ వ్యాక్సినేటెడ్’ అనే ముద్ర వాళ్లని మోసం చేసిందనే నేనంటాను.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతి వేరు. టీకా వేసుకున్నాక కూడా కరోనా సోకొచ్చు గానీ మామూలుగా రోజుల్లోనే తగ్గిపోతుంది. మధ్యలో ‘రీబౌండ్’ అని ఇంకోటుంది, అంటే తగ్గినట్టే తగ్గి కొద్దిరోజుల్లో మళ్లీ పాజిటివ్ రావడం. నాలుగు డోసులు వేసుకున్న అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్‌కి 2022 జులై 21న పాజిటివ్, పాక్స్‌లోవిడ్ అనే కోవిడ్ మాత్రల కోర్సు అయ్యాక నెగెటివ్, 30న మళ్లీ పాజిటివ్. ఈ రీబౌండ్‌నీ నెలల తరబడి వదలని ఇన్ఫెక్షన్‌నీ కలిపేయకండి.

అసలైన దీర్ఘకాలపు కేసంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోని 72 ఏళ్ల ఆయనది. రక్త సంబంధమైన జబ్బు, చాలాసార్లు టీకా వేసినా సరైన స్పందన లేదు. 2022 ఫిబ్రవరిలో ఒమిక్రాన్ సోకి 613 రోజులు, అంటే పాత జబ్బు తిరగబెట్టి చనిపోయేదాకా, ఒంట్లోనే ఉండి 50కి పైగా మార్పులు చెందింది. సొట్రోవిమాబ్ అనే యాంటీబాడీ మందు ఇస్తే మూడు వారాల్లోనే దానికీ లొంగకుండా తయారైంది. ఆ వైరస్ బయట ఇంకెవరికీ పాకిన దాఖలా లేదు. కానీ 2021 నవంబర్‌లో ఒమిక్రాన్ ఒక్కసారిగా అన్ని మార్పులతో ఊడిపడినప్పటి నుంచీ, అదీ ఇలాంటి ఒక రోగి ఒంట్లోనే తయారై ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అనుమానం.

ఇదేదో కోటికొకరి వింత కూడా కాదు. బ్రిటన్ జనాభాలో జరిపిన కోవిడ్ సర్వే ఆధారంగా 2024లో వేసిన అంచనా ప్రకారం వెయ్యి ఇన్ఫెక్షన్లలో ఒకటి నుంచి ఐదు దాకా 60 రోజులకి మించి ఉండిపోతాయి. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ల కోసమే తెచ్చిన ఎవుషెల్డ్ అనే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ కొత్త వేరియంట్ల ముందు పనిచేయక 2023 జనవరిలో అమెరికాలో ఆగిపోయింది. అందుకే ఇప్పుడు కొందరు డాక్టర్లు ఒక్క మందుని నమ్ముకోకుండా రెండు మూడు కలిపి, మామూలు అయిదు రోజుల కోర్సు కంటే ఎక్కువ రోజులు ఇచ్చి చూస్తున్నారు.